చెట్టెక్కే వేటగాడి వీపు సంచి

అమెరికాలో నవంబరు నెల, తెల్లవారుజాము నాలుగున్నర. నుదుటికి ఎర్రలైటు కట్టుకుని అడవిలోకి నడిచే జింకల వేటగాణ్ణి ఆపి, వీపు మీది సంచి విప్పించారనుకోండి. ముందుగా అందులోంచి ఒక నిచ్చెన బయటికొస్తుంది, ముక్కలు ముక్కలుగా. ఒకదాన్లో ఒకటి ఇరుక్కునే అల్యూమినియం కడ్డీలు మూడో నాలుగో. తర్వాత చెట్టుకు బిగించుకుని పాదాలు ఆన్చుకునే చిన్న పీట. ఆ తర్వాత నడుముకు, తొడలకు తగిలించుకునే గుడ్డ జీను, రెండు మూడు రకాల తాళ్లు, ఇనుప కొక్కేలు. వాటి కింద మందపాటి కోటు, చేతి తొడుగులు, కత్తి, మాంసం మోయడానికి పల్చటి గుడ్డ సంచులు, నీళ్లు, తిండి. అడుగున ఒక ఖాళీ సీసా. అదెందుకో అడక్కండి, చెట్టు మీద ఎనిమిది గంటలు కదలకుండా కూర్చునేవాడికి దాని అవసరం తెలుస్తుంది. అంతా కలిపి పది పన్నెండు కిలోలు తూగుతుంది.

ఒకే చెట్టు మీద శాశ్వతంగా మంచె కట్టుకుని సీజనంతా అక్కడే కాపు కాసేది పాత పద్ధతి. ఇవాళ ఒక చెట్టు, రేపు గాలివాటాన్ని బట్టి ఇంకో చెట్టు అని తిరిగేది కొత్త పద్ధతి. దీన్నే అక్కడ మొబైల్ హంటింగ్ అంటున్నారు. దీనికి కారణాలు రెండు. మొదటిది జింక తెలివి. రెండు రోజులు ఒకే చోట మనిషి వాసన తగిలితే మూడో రోజు అది దారి మార్చేస్తుంది. రెండోది చట్టం. ప్రభుత్వ అడవుల్లో చాలాచోట్ల చెట్టుకు మేకు దిగ్గొట్టకూడదు, మర బిగించకూడదు. కొన్నిచోట్ల పొద్దుగూకాక మంచె వదిలి వెళ్లడానికీ వీల్లేదు. కాబట్టి ఉన్నదంతా వీపున వేసుకుని రావాలి, వీపున వేసుకునే పోవాలి. అందుకే ఈ వేటలో విల్లు కొన్నంత శ్రద్ధగా సంచి కొంటారు. ప్రపంచంలో పేరు తెచ్చుకున్న సంచులు చాలా వరకు ఇక్కడ పనికి రాకుండా పోతాయన్నది ఇందులోని తమాషా.

మోకు కట్టినవాడికి ఇది కొత్త కాదు

అమెరికన్లు ట్రీ శాడిల్ అని పిలిచే జీనును చూస్తే మన గీత కార్మికుడు నవ్వుకుంటాడు. నడుం వెనకనుంచి చెట్టు చుట్టూ తిరిగొచ్చే తాడు, దాని మీద వెనక్కి వాలి రెండు చేతులూ ఖాళీ చేసుకోవడం, ఇదంతా తాటిచెట్టు మీద మోకు చేసే పనే. కాళ్లకు గుజి బదులు వీళ్లకు కడ్డీలు, ముస్తాదు బదులు నడుముకు చిన్న సంచులు. మనవాడికీ వాళ్లకీ తేడా ఒక్క చోటే ఉంది. మనవాడు పది నిమిషాల్లో పని ముగించి దిగుతాడు, వాళ్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వేలాడుతూనే ఉంటారు.

ఈ జీను నిన్నమొన్నటిది కాదు. మిషిగన్‌కు చెందిన విలువేటగాడు, రచయిత జాన్ ఎబర్‌హార్ట్ 1981 నుంచీ ఇలాంటిదాన్లోనే కూర్చుంటున్నాడు. దాదాపు నలభై ఏళ్లపాటు దాన్ని వింతగా చూసినవాళ్లే ఎక్కువ. 2018లో మిన్నెసోటాలో టెథర్డ్ అనే కంపెనీ మొదలయ్యాక, వీడియోలు చూసి కుర్రకారు ఎగబడ్డారు. జీను బరువు కిలో అటూ ఇటూ ఉంటుంది. అంతకుముందు మోసుకెళ్లిన లోహపు మంచెలు ఎనిమిది పది కిలోలు ఉండేవి. తేడా అంతా అక్కడుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వేట సీజన్‌లో జరిగే ప్రమాదాల్లో తుపాకీ గాయాలకన్నా చెట్టు మీంచి పడ్డవే ఎక్కువ. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, అంటే తాడు ఒక చోటినుంచి ఇంకోచోటికి మార్చే ఆ కొద్ది క్షణాల్లోనే చాలామంది జారతారు. అందుకని నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ నేల తాకేదాకా తాడు విప్పకూడదని వాళ్ల శిక్షణలో పదే పదే చెబుతారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో రంగారెడ్డి జిల్లాలో గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లూ ఇదే సూత్రం మీద తయారైనవి. తాటిచెట్టయినా ఓక్ చెట్టయినా భూమి ఆకర్షణ ఒకటే కదా.

వేటలో పుట్టి వేటకు పనికిరానిది

స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో కుక్కను తీసుకుని కొండల్లో వేటకు వెళ్లొచ్చాడు. కుక్క బొచ్చుకూ తన బట్టలకూ అంటుకున్న ముళ్లకాయల్ని పీకుతూ, ఇవెందుకింత గట్టిగా పట్టుకున్నాయని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. మన చేలగట్ల మీద మరులమాతంగి కాయలుంటాయే, ఆ తరహావి. ప్రతి ముల్లు చివరా ఒక కొక్కెం కనబడింది. దాంతో వెల్క్రో పుట్టింది. పేటెంటు వచ్చింది 1955లో. ఇవాళ చెప్పులనుంచి వ్యోమగాముల సూట్ల దాకా అది లేని చోటు లేదు.

ఒక్క చెట్టెక్కే వేటగాడి సంచి మీద తప్ప. వేట షికారులో పుట్టిన ఈ వస్తువును వేటగాళ్లే వెలివేశారు. కారణం చప్పుడు. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో వెల్క్రో చర్రున ఊడదీస్తే వంద గజాల లోపలున్న జింక మరి ఆగదు.

జింక చెవి గురించి జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరీక్షలున్నాయి. మనిషికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినబడదు. తెల్లతోక జింకకు 30 వేల దాకా వినిపిస్తుంది. అన్నిటికన్నా బాగా వినేది 4 వేలనుంచి 8 వేల మధ్య. లోహానికి లోహం తగిలిన టింగుమన్న శబ్దంలో, ప్లాస్టిక్ బకిల్ టక్కుమనడంలో పైస్థాయి శబ్దాలే ఎక్కువ. పైగా విలువేటలో జింకకూ మనిషికీ మధ్య దూరం సాధారణంగా ఇరవై ముప్పై గజాలు. ఆ దూరంలో జిప్ లాగిన చప్పుడు దానికి గట్టిగానే వినబడుతుంది.

అందుకని సంచి కొనేవాళ్లు చేసే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. సంచిని నింపి, తలకన్నా కాస్త ఎత్తులో కొక్కేనికి తగిలిస్తారు. చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని కళ్లు మూసుకుంటారు. అలాగే జిప్ తీసి, అడుగునున్న వస్తువేదో ఒకటి పైకి లాగాలి. మిగతావేవీ కింద పడకూడదు, చప్పుడు రాకూడదు. పైనుంచి మాత్రమే తెరుచుకునే సంచి ఇక్కడే ఓడిపోతుంది. అడుగున ఉన్నదాని కోసం పైవన్నీ తియ్యాలి, తీసినవి పెట్టుకోవడానికి చెట్టు మీద అరుగేమీ ఉండదు. ముందువైపు సగం దాకా తెరుచుకుని, అక్కడ ఆగిపోయే జిప్ ఉన్నది గెలుస్తుంది. జిప్‌కుండే లోహపు నాలుకను కత్తిరించి పారేసి, దాని స్థానంలో తాడు ముక్క కట్టుకోవడం అందరూ చేసే మొదటి మరమ్మతు. బకిల్‌ను అరచేతిలో దాచుకుని, రెండు వేళ్లతో నొక్కి మెల్లగా విడదీయడం రెండో విద్య. కడ్డీలకు గుడ్డ టేపు చుట్టడం మూడోది.

తిండి విషయంలోనూ ఇదే పట్టింపు. చిప్స్ ప్యాకెట్టు కరకరలాడుతుంది. ఇంట్లోనే కవరు విప్పి గుడ్డ సంచిలో పోసుకెళ్లాలి. మన మిక్చర్ పొట్లం అక్కడ పనికి రాదు. నవిలే చప్పుడైతే ఎలాగూ తప్పదనుకోండి.

జిప్‌కు కట్టే ఆ తాడుకూ ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల పారాచూట్లకు వాడిన నైలాన్ తాడది. లోపల ఏడు పోగులుంటాయి, పైన అల్లిన తొడుగు. 550 పౌన్లు, అంటే దాదాపు 250 కిలోల లాగుడుకు తట్టుకుంటుంది. 1997లో హబుల్ టెలిస్కోపు పైపొర చిరిగితే, బాగుచేయడానికి వెళ్లిన వ్యోమగాములు కూడా ఈ తాడే వాడారు. అయితే ఎంత గట్టిదైనా మనిషి ప్రాణాన్ని దీనికి వేలాడదీయకూడదు. సంచినీ విల్లునూ పైకి లాక్కోవడానికి మాత్రమే.

29 సంచులతో మొదలైన వ్యాపారం

వీపు సంచుల చరిత్రలో పెద్ద మలుపు ఒక జేబులో జరిగింది. కాలిఫోర్నియా వడ్రంగి డిక్ కెల్టీ 1951లో స్నేహితుడితో కలిసి సియెరా కొండలెక్కుతున్నాడు. భుజాలు కోసుకుపోతున్నాయి. స్నేహితుడు సంచి చట్రం కింది కొనల్ని ప్యాంటు వెనక జేబుల్లో దూర్చి చూశాడు. ఒక్కసారిగా బరువంతా భుజాలమీంచి నడుముకు దిగింది. అదే తర్వాత నడుము పట్టీ అయింది. మరుసటి ఏడాది కెల్టీ గ్లెండేల్‌లోని తన గ్యారేజీలో విమానాలకు వాడే అల్యూమినియం గొట్టాలు వంచి చట్రాలు చేశాడు, భార్య నీనా సంచులు కుట్టింది. మొదటి ఏడాది అమ్మినవి 29. ఒక్కోటి 24 డాలర్లు. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికా జట్టు వీపుల మీద ఉన్నవి కెల్టీ సంచులే. ఇవాళ మనం బడి పిల్లలకు కొనే సంచుల్లో తప్ప, కాస్త పెద్ద సంచి దేనికైనా నడుము పట్టీ ఉంటుంది.

చెట్టు వేటగాడికి వచ్చిన చిక్కు ఈ పట్టీతోనే. జీను ఉండేదీ నడుము దగ్గరే. జీను వేసుకుని నడిస్తే దాని కొక్కేలు, ఉచ్చులు అన్నీ తుంటి మీదే ఉంటాయి, పైన సంచి పట్టీ బిగిస్తే ఒరుసుకుని పుండు పడుతుంది. బిగించకపోతే పన్నెండు కిలోలూ భుజాల మీదే. జీనును సంచిలో పెట్టుకెళ్లి చెట్టు కింద వేసుకోవాలంటే, చీకట్లో ఒంటికాలి మీద గెంతుతూ తొడ పట్టీలు తగిలించుకోవాలి. దీనికి ఒక్కొక్కరూ ఒక్కో ఉపాయం చెబుతారు. నామటుకు నేను జీనును సంచిలో పెట్టుకెళ్లడానికే మొగ్గుతాను. కిలోమీటరు దాటి నడిచేటట్టయితే జీను సంచిలో ఉండాలి, పట్టీ నడుముకుండాలి. రోడ్డు పక్క చెట్టయితే ఏదైనా ఒకటే.

అన్నిటికన్నా పాతది

1991 సెప్టెంబరు 19న ఆల్ప్స్ పర్వతాల్లో మంచులోంచి బయటపడ్డ మనిషి శవం పోలీసు కేసు అనుకున్నారు మొదట. పరీక్షిస్తే అది 5 వేల ఏళ్లకు పైబడిన శవం. ఆట్జీ అని పేరు పెట్టారు. పక్కనే విల్లు, బాణాల పొది దొరికాయి. వాటితోపాటు ఇంగ్లిషు యూ అక్షరంలా వంచిన హేజల్ కొమ్మ, దానికి అడ్డంగా బిగించే లార్చ్ చెక్కలు కూడా. ఇప్పటిదాకా దొరికిన వీపు సంచి చట్రాల్లో ఇదే పాతదని చాలామంది లెక్క. కాదు, అది మంచులో నడిచే చెప్పు అన్నవాళ్లూ ఉన్నారు. వాదన తెగలేదు.

పొది సంగతి మాత్రం తేలింది. 2016లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అది రో జింక తోలు అని బయటపడింది. టోపీ ఎలుగుబంటిది. పొదిలో 14 బాణాలుంటే, పూర్తిగా తయారైనవి రెండే. విల్లు కూడా చెక్కడం పూర్తి కాలేదు. ఆఖరి భోజనంలో ఎర్రదుప్పి, కొండమేక మాంసం ఉన్నాయి. అయిదు వేల ఏళ్ల కిందటి వాడైనా, సంచిలో సరుకు పూర్తిగా సిద్ధం చేసుకోకుండా బయల్దేరే మనిషి కొత్తవాడేమీ కాదు.

ఆ వంచిన కొమ్మ ఆలోచన 1908లో నార్వేలో మళ్లీ వచ్చింది. ఓలే బెర్గన్ అనే ఆయన వేటకు వెళ్లి, వీపున మెత్తటి సంచి గూనిలా వేలాడుతుంటే విసిగిపోయి, ఒక జునిపర్ కొమ్మను తన వీపు ఆకారానికి వంచి సంచికి కట్టాడు. మరుసటి ఏడాది పేటెంటు తీసుకున్నాడు. బ్రిటిష్ సైనికులు ఇప్పటికీ పెద్ద సంచిని బెర్గన్ అనే పిలుస్తారు. అమెరికాలో లాయిడ్ నెల్సన్ 1920 ప్రాంతంలో అలాస్కా వెళ్లినప్పుడు, అక్కడి ఆదివాసులు విల్లో కర్రల మీద సీల్ తోలు బిగించి చేసుకున్న సంచి చూశాడు. దాన్ని మెరుగుపరిచి ట్రాపర్ నెల్సన్ పేరుతో 1924లో పేటెంటు పొందాడు. వేటగాళ్లు, అటవీ సిబ్బంది దశాబ్దాలపాటు దాన్నే మోశారు.

చట్రాన్ని సంచి లోపల దాచేసిన ఘనత గ్రెగ్ లోది. 1967లో. పర్వతారోహకులకు అది వరమైంది, బయటి చట్రాలు అటకెక్కాయి. కానీ చెట్టు వేటగాడు మళ్లీ బయటి చట్రం దగ్గరికే వచ్చాడు. కడ్డీలు, పీట చట్రానికి వెనక అంటగట్టి బిగించేస్తే అవి వీపుకు దగ్గరగా, ఊగకుండా ఉంటాయి. వచ్చేటప్పుడు అదే చట్రం మీద మాంసం మూట కట్టుకోవచ్చు. బెర్గన్ కొమ్మకు వందేళ్లు దాటాక మళ్లీ గిరాకీ వచ్చింది.

కట్టడంలో ఒక కిటుకుంది. కడ్డీలను సంచికి రెండు పక్కలా నిలువుగా కడతారు చాలామంది. చూడ్డానికి బావుంటుంది. పొదల్లోంచి పోయేటప్పుడు ప్రతి కొమ్మా వాటికే తగులుకుంటుంది. తలకన్నా ఎత్తుకు లేస్తే వంగి దూరడం కుదరదు. వీపు నడిమధ్యన, ఒకదాని మీద ఒకటి పేర్చి, భుజాల కిందికి ఉండేలా కట్టినవాడు చప్పుడు లేకుండా పోతాడు.

ఎంత పెద్దది?

అమెరికా కంపెనీలు సంచి పరిమాణం ఘనపు అంగుళాల్లో చెబుతాయి. మనకు లీటర్లు అలవాటు. లీటరుకు 61 ఘనపు అంగుళాలు అని గుర్తుంటే చాలు. 2000 అని రాసి ఉంటే దాదాపు 33 లీటర్లు. ఒక పూట కూర్చునే వేటకు అది సరిపోతుంది. చలి ముదిరాక, పొద్దంతా కూర్చునే రోజుల్లో 40 లీటర్లు కావాలి. ఎందుకంటే అసలు చోటంతా తినేది కోటు. కోటు వేసుకుని నడిస్తే చెమట పడుతుంది, చెమట చెట్టు మీద చల్లబడి వణికిస్తుంది, వాసన కూడా వస్తుంది. కాబట్టి పల్చటి బట్టల్తో నడిచి, పైకెక్కాకే కోటు తొడుక్కోవాలి.

పెద్ద సంచి కొంటే మంచిదే కదా అనిపిస్తుంది. సంచిలో చోటుంటే చెయ్యి ఊరుకోదు, ఇంకో టార్చి, ఇంకో కత్తి చేరిపోతాయి. అందుకని సంచిని అన్నిటికన్నా చివర కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. జీను, కడ్డీలు, పీట, కోటు అన్నీ కొన్నాక నేలమీద పరిచి చూసుకుని, వాటికి తగ్గది తెచ్చుకోవాలి. బజారులో జరిగేది మాత్రం దీనికి తలకిందులు.

గుడ్డ విషయానికొస్తే డెనియర్ అనే కొలత వినిపిస్తుంది. 9 వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1000 డెనియర్ నైలాన్ ముళ్లకు అంత సులువుగా చిరగదు. అడవిలో అదే గుడ్డకు ఆకు ఒరుసుకున్నా గీరుతున్నట్టు శబ్దం వస్తుంది. నూగు ఉన్న పాలియెస్టర్ వానకు తడుస్తుంది, మంచులో బరువెక్కుతుంది, కానీ మాట్లాడదు. ఇక్కడ గెలిచేది అదే.

జింక కంటికి నీలం, మనకు నారింజ

జింకకు రంగులు అసలే తెలియవనేది పాత మాట. దాని కంట్లో రంగుల్ని గుర్తించే కణాలు రెండు రకాలున్నాయి, మనకు మూడు. నీలం దానికి మనకన్నా బాగా తెలుస్తుంది, అతినీలలోహిత కాంతి కూడా కొంత కనిపిస్తుంది. ఎరుపు, నారింజ మాత్రం మబ్బుగా మిగతావాటిల్లో కలిసిపోతాయి. అంటే మన బడి పిల్లల నీలి సంచి అడవిలో జింక కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మనకు కళ్లు మిరుమిట్లు గొలిపే నారింజ రంగు దానికి కనబడనట్టే. బట్టలు తళతళలాడించే పౌడర్లతో సంచిని ఉతకొద్దని చెప్పేదీ ఇందుకే. వాటిలో కలిపే పదార్థాలు అతినీలలోహిత కాంతిని పట్టి నీలంగా మెరిపిస్తాయి.

పన్ను లేని సంచి

1900 నాటికి అమెరికాలో తెల్లతోక జింకలు 5 లక్షల దాకా మాత్రమే మిగిలాయి. ఇప్పుడు దాదాపు 3 కోట్లు. ఇంత పెరగడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1937లో వచ్చిన పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ఒక ముఖ్యమైన జవాబు. తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పోతుంది. తర్వాత విల్లంబులనూ అందులో చేర్చారు. వీపు సంచి మాత్రం తప్పించుకుంది. అడవికి నడక కోసమో పక్షుల్ని చూడ్డానికో వెళ్లేవాళ్లూ తమ వంతు ఇవ్వాలి, సంచుల మీదా డేరాల మీదా కూడా పన్ను వెయ్యండని 1990లలో పెద్ద ప్రయత్నమే జరిగింది. కంపెనీలు ఒప్పుకోలేదు, అది చట్టం కాలేదు. బ్యాక్‌ప్యాక్ ట్యాక్స్ అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ పైకొస్తుంది.

 

మూడు డాలర్ల కొమ్ములు

అమెరికాలోని తెల్లతోక జింకల్లో అన్నిటికన్నా చిన్నది ఫ్లోరిడా దక్షిణాన దీవుల్లో ఉండే కీ డీర్. భుజం దగ్గర రెండున్నర అడుగుల లోపే, పెద్ద కుక్కంత. 1950ల నాటికి 50 లోపు మిగిలితే, 1957లో వాటికంటూ అభయారణ్యం ఏర్పాటు చేశారు. పెద్దవాటి సంగతికొస్తే, 1926లో మిన్నెసోటాలో కొట్టిన ఒక పోతు బరువు 511 పౌన్లు, అంటే 230 కిలోలు పైమాటే అని లెక్కగట్టారు. అది ఏ సంచిలోనూ పట్టదు.

వేటగాళ్లు రికార్డు కొలిచేది బరువుతో కాదు, కొమ్ములతో. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ చొరవతో ఏర్పడ్డ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఈ లెక్కలు చూస్తుంది. కొమ్ములు 60 రోజులు ఆరాకే టేపు పెడతారు. కొమ్మల పొడవులు, చుట్టుకొలతలు, రెండు కొమ్ముల మధ్య ఎడం అన్నీ కలిపి, రెండు పక్కలకూ పొంతన లేనిచోట తీసేస్తారు. తీరైన కొమ్ముల్లో ప్రపంచ రికార్డు 213 5/8 అంగుళాలు. 1993 నవంబరు 23న కెనడాలోని సస్కచెవాన్‌లో మైలో హాన్సన్ అనే రైతు కొట్టాడు.

అంతకుముందు రికార్డు కథ ఇంకా బావుంటుంది. 1914లో విస్కాన్సిన్‌లో జిమ్ జోర్డన్ ఒక పోతును కొట్టాడు. కొమ్ముల తలను దిమ్మకు ఎక్కించమని అయిదు డాలర్లకు ఒకతనికిచ్చాడు. అతను ఊరు మారిపోయాడు, కొమ్ములూ పోయాయి. 1958లో మిన్నెసోటాలో పాత సామాన్ల అమ్మకంలో ఒకాయన మూడు డాలర్లకు ఒక జింక తల కొన్నాడు. 1964లో కొలిస్తే అది ప్రపంచంలోనే పెద్దదని తేలింది. కొన్నాయన జోర్డన్‌కు దూరపు చుట్టం కూడా! ముసలాయన చూడగానే ఇది నాదే అన్నాడు. నమ్మించడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 1978 డిసెంబరులో క్లబ్ ఆయన పేరు రికార్డులో రాసింది. ఆయన అంతకు రెండు నెలల ముందే పోయాడు.

అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్ముల్లో రికార్డు 333 7/8. దాన్ని ఎవరూ వేటాడలేదు. 1981లో మిస్సోరిలో చచ్చిపడి ఉంటే దొరికింది. దాని తర్వాతిది ఒహాయోలో 1940లో రైలు పట్టాల పక్కన దొరికి, నలభై ఏళ్లకు పైగా ఒక క్లబ్బు బారులో గోడకు వేలాడింది. బాణంతో కొట్టిన తీరైన కొమ్ముల్లో 1965 నుంచీ రికార్డు మెల్ జాన్సన్‌దే, 204 4/8. ఇలినాయ్‌లో సోయా చేను అంచున, పొదచాటున నేల మీదే కూర్చుని కొట్టాడు. హాన్సన్, జోర్డన్‌లదీ నేల మీది వేటే. ఇంత సరంజామా మోసుకుని చెట్టెక్కేవాళ్లకు ఈ జాబితా చూపిస్తే ఏమంటారో గానీ, ఏటా మామూలు జింకను ఇంటికి తెచ్చుకునేవాళ్లలో చెట్టెక్కినవాళ్లు కోకొల్లలు.

దిగేటప్పటి బరువు

వెళ్లేటప్పుడు పన్నెండు కిలోలు మోసినవాడు జింక దొరికితే వచ్చేటప్పుడు ఇంకో పాతిక కిలోలు మోయాలి. 70 కిలోల జింకలో ఎముక తీసిన మాంసం అంతే ఉంటుంది. పూర్వం జింకను కాళ్లు పట్టి రోడ్డుదాకా ఈడ్చేవాళ్లు. ఇప్పుడు అడవిలోనే కోసి ఎముకలు వదిలి, మాంసం సంచిలో తెచ్చుకునేవాళ్లు పెరిగారు. బద్ధకం ఒక్కటే కాదు కారణం. 1967లో కొలరాడోలో మొదట కనిపించిన జింకల్ని చిక్కి శల్యం చేసే మెదడు జబ్బు ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. జబ్బున్న ప్రాంతం నుంచి మెదడు, వెన్నుపాము ఉన్న భాగాల్ని సరిహద్దు దాటించకూడదని చాలా రాష్ట్రాలు ఆంక్ష పెట్టాయి. మాంసం పెట్టే అర విడిగా, రక్తం కారినా కడుక్కునేట్టు ఉన్న సంచికి గిరాకీ పెరిగింది అందుకే.

కొమ్ములుంటే సంచికి పైన కట్టుకొస్తారు. ఇక్కడే అసలు ప్రమాదం. పొదల్లో కదిలే కొమ్ములు చూసి ఇంకో వేటగాడు తుపాకీ ఎత్తొచ్చు. కాబట్టి కొమ్ములకు నారింజ గుడ్డ చుట్టాలి. తుపాకీ సీజన్‌లో ఒంటి మీద నారింజ రంగు ఉండాలని చాలా రాష్ట్రాల చట్టం, కానీ సంచి తగిలించుకుంటే వెనక చొక్కా మూసుకుపోతుంది. సంచి మీద కూడా నారింజ తొడుగు వేసుకోవాలన్నది అందుకే. సంచి కొనేటప్పుడు జనం మరిచిపోయేది ఈ ఒక్కటే.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ వేటలన్నీ ముగిశాయి. తిరుపతి దగ్గర మామండూరు అడవుల్లో వేటకథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ మంచెల మీద కాపు కాసిన రోజులు పుస్తకాల్లోనే మిగిలాయి. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక, తెలంగాణకు చుక్కల జింక రాష్ట్ర జంతువులు. వాటిని ముట్టుకుంటే జైలే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. వేటతో మీకే సంబంధం లేకపోయినా, నవంబరులో శనాదివారాలు అడవి బాటల్లో నడకకు వెళ్లే అలవాటుంటే, ఆ కౌంటీలో తుపాకీ సీజన్ ఏ తేదీల్లో ఉందో ముందు చూసుకోండి. మీకూ, పిల్లలకూ, కుక్క ఉంటే దానికీ తలో నారింజ చొక్కా కొనండి. పిల్లల వీపున ఉన్న సంచి మీద కూడా ఒక నారింజ గుడ్డ కట్టండి.